లిపి నుంచి వాఙ్మయానికి: ప్రాథమిక తరగతిలో స్వతంత్ర పఠనం

రఘువంశం తృతీయసర్గలో కాళిదాసు బాలుడైన రఘువు అక్షరాభ్యాసాన్ని ఒకే ఒక ఉపమానంతో చెప్పి ముగించాడు. లిపిని చక్కగా గ్రహించిన ఆ బాలుడు, నదీముఖం గుండా సముద్రంలోకి ప్రవేశించినట్లు, వాఙ్మయంలోకి ప్రవేశించాడని దాని తాత్పర్యం. ఈ ఉపమానంలో లిపికి లభించిన స్థానం గమనింపదగినది. లిపి ద్వారం మాత్రమే, గమ్యం వాఙ్మయం. ద్వారం దాటనివాడికి లిపిజ్ఞానం ఉన్నదని చెప్పవచ్చును గాని, చదువరి అని చెప్పడానికి వీలు లేదు.

నేటి తెలుగు ప్రాథమిక తరగతిని ఈ ఉపమానం పక్కన నిలిపి చూస్తే ఒక లోపం స్పష్టంగా కనిపిస్తుంది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, పదాలు, వాక్యాలు, ప్రశ్నలు, జవాబులు అని అక్కడ మెట్లు చాలా ఉన్నాయి. పిల్లవాడు తనంతట తాను ఒక పుస్తకాన్ని ఎన్నుకొని, ఎవరికీ అప్పజెప్పవలసిన అవసరం లేకుండా, తన కోసం చదువుకొనే మెట్టు మాత్రం కాలపట్టికలో లేదు. అది చదువు పూర్తయిన తరువాత తనంతట తానే సిద్ధించే ఫలమని అందరూ భావిస్తున్నారు. నిజానికి స్వతంత్ర పఠనం చదువుకు ఫలం మాత్రమే కాదు, సాధనం కూడా. దానికి ప్రతిదినం కొంత సమయాన్నీ, చేతికందే పుస్తకాలనూ, ప్రశ్నల భయం లేని వాతావరణాన్నీ కల్పించనంత కాలం ఎన్ని వాచకాలు మార్చినా ప్రయోజనం స్వల్పం.

సామర్థ్యం, ఇచ్ఛ

గ్రామీణ బాలబాలికల పఠనసామర్థ్యాన్ని 2005 నుంచి అంచనా వేస్తున్న 'అసర్' నివేదికలు విద్యారంగంలో సుపరిచితాలు. 2022 నివేదిక ప్రకారం, మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదువగలిగినవారు దేశం మొత్తం మీద 20.5 శాతం. 2018లో వీరు 27.3 శాతం. ఇదే కాలంలో ఈ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3 శాతానికి, తెలంగాణలో 18.1 నుంచి 5.2 శాతానికి పడిపోయింది. కరోనా మహమ్మారి వల్ల బడులు మూతపడిన కాలం నడుమ ఉన్నది కనుక ఈ పతనానికి కారణం వెదకనక్కర లేదు. 2024 నాటికి దేశ సగటు 27.1 శాతానికి చేరి, పూర్వస్థితిని దాదాపుగా అందుకొన్నది. అయితే ఆ పూర్వస్థితి ఏపాటిదో విస్మరించరాదు. మహమ్మారికి ముందే, బడులన్నీ నిరాటంకంగా నడుస్తున్న రోజుల్లోనే, రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో మూడో తరగతి పిల్లలు ఐదుగురిలో ఇంచుమించు ఒక్కరు మాత్రమే రెండో తరగతి పాఠాన్ని చదువగలిగారు.

ఈ అంకెలు చెప్పేది సామర్థ్యాన్ని గురించి. ఇచ్ఛను కొలిచే అంకెలు ఇందులో లేవు. కాని ఈ రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడినవి. చదవని పిల్లవాడికి వేగం రాదు. వేగం లేనివాడు వాక్యం చివరకు వచ్చేసరికి దాని మొదలు మరచిపోతాడు, అర్థం అందదు. అర్థం అందని పనిలో ఆనందం ఉండదు. ఆనందం లేని పనిని ఏ పిల్లవాడూ తనంతట తాను చేయడు. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట ఛేదించక తప్పదు. సామర్థ్యం వైపు నుంచి ఛేదించడానికి జరిగిన ప్రయత్నాలు ఎన్నో ఉన్నాయి. ఇచ్ఛ వైపు నుంచి జరిగినవి తక్కువ.

శ్రుతిసంప్రదాయం, లిఖితపఠనం

ఈ లోపానికి ఉపాధ్యాయులను మాత్రమే నిందించడం న్యాయం కాదు. దీని మూలాలు మన విద్యాసంప్రదాయంలోనే కొంతవరకు ఉన్నాయి. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి శిక్షను వర్ణ స్వర మాత్రాదులతో కూడిన ఉచ్చారణశాస్త్రంగా నిరూపించింది. పాణినీయశిక్ష ఆరుగురు అధమ పాఠకులను పేర్కొన్నది. రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, రాసినదాన్ని చూసి చదివేవాడు, అర్థమెరుగనివాడు, గొంతు పెగలనివాడు అనేవారు ఆ ఆరుగురు. వీరిలో నాలుగవవాడు, అంటే లిఖితపాఠకుడు, నేటి విద్యాలక్ష్యానికి సరిగ్గా మూర్తీభవించిన రూపం. వేదరక్షణకు కంఠస్థపాఠమే శరణ్యమైన కాలంలో గ్రంథం చూసి చదవడం దోషమైంది. ఆ కాలానికి అది యుక్తమే. తాటాకు ప్రతులు అరుదైన రోజుల్లో చెవి, నోరు, ధారణ విద్యకు ఆధారాలు కావడం సహజం.

ఆ అవసరం తీరిపోయినా అలవాటు మిగిలింది. వీధిబడిలో ఇసుక మీద దిద్దిన ఓనమాలు, ఎక్కాలు, శతక పద్యాలు అన్నీ సామూహికంగా వల్లె వేసినవే. పంతొమ్మిదో శతాబ్ది పూర్వార్ధంలో పుదూరు సీతారామశాస్త్రి సంతరించిన బాలశిక్ష అచ్చులోకి వచ్చిన తరువాత కూడా ఆ పుస్తకాన్ని పిల్లలు ఎక్కువగా వల్లె వేశారు. నేటి తరగతిలో ప్రకాశపఠనం పేరిట జరుగుతున్నది చాలావరకు ఇదే. ఉపాధ్యాయుడు ఒక వాక్యం చెబుతాడు. తరగతి అంతా ఏకకంఠంగా అంటుంది. పిల్లవాడి వేలు ఒక పంక్తి మీద ఉంటుంది, నోరు మరొక పంక్తిలో ఉంటుంది. నాలుగు రోజులు గడిచేసరికి పుస్తకం మూసి కూడా పాఠమంతా చెప్పగలుగుతాడు. చూసేవారికి అది పఠనంలా కనిపిస్తుంది. అదే అక్షరాలతో కూర్చిన కొత్త వాక్యాన్ని చేతికిస్తే అతడు నిలిచిపోతాడు.

ఇక్కడ ధారణను తక్కువ చేసి మాట్లాడే అవసరం లేదు. పద్యాలు కంఠస్థం చేసిన పిల్లవాడికి పలుకుబడి, పదసంపద, లయజ్ఞానం అలవడుతాయి. అవి తరువాతి పఠనానికి పెట్టుబడి. కాని ధారణలో పిల్లవాడు గురువు ఇచ్చినదాన్ని పుచ్చుకొంటాడు; స్వతంత్ర పఠనంలో తాను వెదకి తెచ్చుకొంటాడు. ఒకటి మరొకదానికి బదులు కాజాలదు. సంప్రదాయం కూడా ఈ భేదాన్ని ఎరుగకపోలేదు. అర్థమెరుగక చదివేవాణ్ణి పాణినీయశిక్ష అధమ పాఠకుల్లోనే చేర్చింది. వేదాన్ని అధ్యయనం చేసీ అర్థం తెలియనివాణ్ణి యాస్కుని నిరుక్తం బరువు మోసే స్తంభంతో పోల్చింది. శీక్షావల్లిలోనే, విద్య ముగించుకొని వెళ్లే శిష్యుడికి ఆచార్యుడు స్వాధ్యాయాన్ని ఏమరవద్దని అనుశాసించాడు. స్వాధ్యాయానికి స్వశాఖాధ్యయనమని సంప్రదాయార్థం. అయినా గురువు ఎదుట లేనప్పుడు కూడా సాగవలసిన అధ్యయనం అది అనడంలో సందేహం లేదు. ఆ అలవాటుకు పునాది ఎనిమిదేళ్ల ప్రాయంలో పడకపోతే ఇరవైయేళ్ల ప్రాయంలో అనుశాసనం చేసి ప్రయోజనం లేదు.

తెలుగు లిపి ఇచ్చిన అవకాశం

తెలుగు లిపిని నేర్పడం శ్రమతో కూడిన పని. హల్లులు ముప్పైయారు అనుకొని, ఒక్కొక్కదానికి పన్నెండు గుణింతరూపాలే లెక్కించినా ఆ సంఖ్య నాలుగు వందలు దాటుతుంది. ద్విత్వ సంయుక్తాక్షరాలు దీనికి అదనం. ఇన్ని రూపాలను నేర్పడంలో మునిగిన ఉపాధ్యాయుడు కథాపుస్తకాన్ని తరువాతి సంగతిగా భావించడం అర్థం చేసుకోదగినదే. కాని ఈ లిపికి ఒక గొప్ప సుగుణం ఉన్నది. రాసినదానికీ పలికేదానికీ నడుమ ఇంగ్లీషులో కనిపించే ఎడం తెలుగులో లేదు. గుణింతం, ఒత్తు పట్టుబడిన పిల్లవాడు తాను ఎన్నడూ చూడని మాటనైనా పలుకగలుగుతాడు. అందువల్ల తెలుగు పిల్లవాడు స్వతంత్ర పాఠకుడు కావడానికి లిపిపరంగా అడ్డు లేదు. తగిన అభ్యాసం లభిస్తే ఒకటి రెండు తరగతుల్లోనే అది సాధ్యం.

పైగా అక్షరమాల అంతా పూర్తయ్యేవరకు వేచి ఉండవలసిన అవసరం కూడా లేదు. పలక, వల, తల, మేక, జామ వంటి ఒత్తులు లేని మాటలతోనే నాలుగైదు వాక్యాల చిన్న కథ కూర్చవచ్చును. పుటకు ఒక బొమ్మ, ఒక వాక్యం ఉన్న పుస్తకాన్ని పిల్లవాడు మొదటి సంవత్సరంలోనే తనంతట తాను ముగించగలుగుతాడు. అక్షరాభ్యాసానికి మనకు ముహూర్తం ఉన్నది. బాసర సరస్వతీ ఆలయానికి తీసుకువెళ్లి బియ్యంలో అక్షరం దిద్దించే ఆచారం ఉన్నది. పిల్లవాడు తొలి పుస్తకాన్ని స్వయంగా చదివి ముగించిన రోజు మాత్రం ఎవరి దృష్టికీ రాకుండా గడిచిపోతున్నది. ఆ రోజు అక్షరాభ్యాస దినంకంటె తక్కువది కాదు.

అభిరుచికి అవరోధాలు

అభిరుచికి మొదటి అవరోధం ప్రశ్న. చదివిన వెంటనే ప్రశ్న వేయడం ఉపాధ్యాయులకు స్వభావసిద్ధమైన అలవాటు. పాఠ్యబోధనలో అది అవసరం కూడా. కాని పిల్లవాడు చదివే ప్రతి పుట వెనుకా ప్రశ్న కాచుకొని ఉన్నదని తెలిసినప్పుడు అతడు కథను చదవడు, జవాబులను ఏరుకొంటాడు. ఉపవాచకం చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం. క్షుణ్ణ పఠనానికి వాచకం, విస్తార పఠనానికి ఉపవాచకం అని విభజించినప్పుడు, రెండవదాన్ని పిల్లలు స్వేచ్ఛగా, వేగంగా, ఆనందం కోసం చదువుకోవాలన్నది ఉద్దేశం. అది పరీక్షలో చేరింది; మార్కులు వచ్చాయి; వెనువెంటనే ప్రశ్నోత్తరాల సంగ్రహాలు వచ్చాయి. ఉపవాచకం మరొక వాచకమై కూర్చున్నది. 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికకూ ఇటువంటి గతే పట్టింది. మృగపక్షుల కథలు సమాసాల విగ్రహవాక్యాలకు ఆకరాలయ్యాయి. ఆ గద్యం గౌరవానికి లోటు లేదు. కాని చిలుకలు, కాకులు, నక్కలు మాట్లాడే పుస్తకాన్ని సరదాగా మళ్లీ తెరచిన విద్యార్థులు ఎందరని పండితులు తమలో తాము విచారించుకోవలసి ఉన్నది.

ఆ కథలకు మూలమైన పంచతంత్రం ఇందుకు విరుద్ధమైన బోధనారీతిని చూపుతున్నది. చదువంటే విముఖులైన అమరశక్తి కుమారులను ఆరు నెలల్లో విజ్ఞులను చేస్తానని విష్ణుశర్మ ప్రతిజ్ఞ చేశాడు. ఆయన శాస్త్రగ్రంథాలతో ఆరంభించలేదు, కథలతో ఆరంభించాడు. ఆ గ్రంథంలో ఒక కథ సూచనగా మెరిసిన చోట 'అది ఎట్లా?' అనే ప్రశ్న దాదాపు ప్రతిసారీ వినేవాడి నోటి నుంచే వస్తుంది, చెప్పేవాడి నోటి నుంచి కాదు. నేటి తరగతిలో ప్రశ్న నడిచే దిశ తారుమారైంది. ఉపాధ్యాయుడు అడుగుతాడు, పిల్లవాడు జవాబు చెబుతాడు. ప్రశ్నను తిరిగి పిల్లవాడికి అప్పగించడమే పఠనాభిరుచికి మూలసూత్రమని చెప్పవచ్చును.

రెండవ అవరోధం బహుమతి. ఇన్ని పుస్తకాలు చదివితే కలం, ఇన్ని చదివితే పతకం అని ప్రకటించడం అమాయకమైన ప్రోత్సాహంగా కనిపిస్తుంది. 1973లో అమెరికాలో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞులు బొమ్మలు వేయడమంటే ఇష్టం ఉన్న చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం ప్రకటించారు. బహుమతి ఇస్తామని ముందుగా చెప్పి కొందరి చేత బొమ్మలు వేయించారు. తరువాత స్వేచ్ఛగా ఆడుకొనే వేళల్లో, అటువంటి వాగ్దానం పొందని పిల్లలకంటె వీరు తక్కువసేపు బొమ్మలు వేశారు. బొమ్మల విషయంలో తేలిన ఈ సంగతి పుస్తకాల విషయంలో ఆలోచింపజేయదగినది. బహుమతి కోసం చదివే పిల్లవాడు సన్నని పుస్తకాలను వెదకుతాడు. బహుమతి ఆగినప్పుడు చదవడం ఆపుతాడు. చదివిన పిల్లవాడికి ఇవ్వదగిన ఉత్తమ బహుమతి అతడికి నచ్చే మరొక పుస్తకం.

మూడవ అవరోధం తాళం వేసిన బీరువా. 1987లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం ప్రాథమిక పాఠశాలలకు ఇవ్వవలసిన కనీస సామగ్రిలో గ్రంథాలయ పుస్తకాలను కూడా చేర్చింది. ఆ తరువాతి పథకాలూ పుస్తకాలను పంపాయి. కనుక పుస్తకం బడి గుమ్మం దాటని కాలం కాదిది. గుమ్మం దాటిన పుస్తకం పిల్లవాడి చేతిదాకా రాకపోవడమే ఇప్పటి సమస్య. పుస్తకాలు స్టాకు రిజిస్టరులో చేరుతాయి. ఒకటి చినిగినా, పోయినా జవాబు చెప్పవలసినవాడు ప్రధానోపాధ్యాయుడు. అందుచేత తనిఖీ నాటికి పుస్తకాలన్నీ భద్రంగా, కొత్తవిగా ఉండడమే క్షేమమని ఆయన భావిస్తే అది ఆయన తప్పు కాదు, లెక్క అడిగే పద్ధతి తప్పు. పుస్తకాలు వినియోగం కోసమే అన్నది 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ ప్రతిపాదించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది. అట్ట చినిగిన కథాపుస్తకాన్ని నష్టంగా కాక వినియోగానికి సాక్ష్యంగా లెక్కించే ఉత్తర్వు ఒకటి వెలువడితే, ఎన్నో కొత్త పుస్తకాలు కొన్నంత ప్రయోజనం చేకూరుతుంది.

తరగతిలో ఆచరణ

ఈ అవరోధాలను తొలగించడానికి పెద్ద వ్యయం అవసరం లేదు. ప్రతిదినం ఒక నిర్ణీత వేళ ఇరవై నిమిషాలు స్వయంపఠనానికి కేటాయించడం మొదటి పని. ఆ సమయంలో ఉపాధ్యాయుడు హాజరుపట్టీ పూర్తి చేయరాదు, నోటుపుస్తకాలు దిద్దరాదు. తానూ ఒక పుస్తకం చదవాలి. పెద్దలు చదువుతుండగా చూడని పిల్లలకు, ముఖ్యంగా ఇంట్లో అచ్చుకాగితమే లేని పిల్లలకు, చదవడం బడిలో విధించే పనిగానే తోస్తుంది. ఉపాధ్యాయుడు తనకోసం చదువుకొంటూ కనిపించడం వారికి వేరే ఉపన్యాసం అక్కరలేని పాఠం. ఒకటి రెండు తరగతుల పిల్లలు మౌనంగా చదవలేరు. పెదవులు కదుపుతారు, గొణుగుతారు. ఆ వయస్సుకు అది సహజం. సంపూర్ణ నిశ్శబ్దం కోరితే పఠనం పోయి క్రమశిక్షణ మాత్రం మిగులుతుంది.

రెండవది ఎన్నిక. ప్రతి పాఠకుడికీ తనదైన పుస్తకం ఉన్నదని రంగనాథన్ రెండవ సూత్రం. పిల్లల విషయంలో దీని అర్థం, తనకు నచ్చనిదాన్ని మధ్యలో వదలిపెట్టే హక్కు, నచ్చినదాన్ని పదిసార్లు చదివే హక్కు, తన తరగతికంటె చిన్నదైన బొమ్మల పుస్తకాన్ని సిగ్గుపడకుండా తీసుకొనే హక్కు అతడికి ఉన్నవని. పుటలో ఐదు మాటలు తెలియకపోతే ఆ పుస్తకాన్ని కొంతకాలం తరువాత చదువవచ్చునని చెబితే చాలు. పుస్తకాలను గోడ వారగా కట్టిన తాడు మీద, ముఖచిత్రం కనబడేటట్లు వేలాడదీయాలి. ఇచ్చి పుచ్చుకొనే లెక్క పిల్లలకే అప్పగించాలి. ప్రజలు పుస్తకం దగ్గరకు వచ్చేవరకు వేచి ఉండక, 1935లో కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలను ఊరూరికీ నడిపిన పాతూరి నాగభూషణం ప్రభృతుల నేల ఇది. బీరువా నుంచి గోడ దాకా పుస్తకాన్ని నడపడం ఇక్కడ అసాధ్యం కారాదు.

మూడవది ఉపాధ్యాయుడు చదివి వినిపించడం. కథను ఆసక్తికరమైన ఘట్టం వరకు చదివి ఆపి, పుస్తకాన్ని బల్ల మీద వదలివేస్తే, మిగిలినది తెలుసుకోవడానికి పిల్లలే దాన్ని అందుకొంటారు. గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా 1930ల తొలినాళ్లలో రచించిన 'దివాస్వప్న' కల్పితకథారూపంలో ఉన్న బోధనాగ్రంథం. అది తెలుగులో 'పగటికల'గా వచ్చింది. అందులోని ఉపాధ్యాయుడు అల్లరి మూకలా ఉన్న నాలుగో తరగతిని కథతోనే లొంగదీసుకొన్నాడు. పాఠ్యపుస్తకాల కోసం పిల్లలు తెచ్చే డబ్బుతో రకరకాల పుస్తకాలు కొని తరగతి గ్రంథాలయం ఏర్పరచాడు. ఒకే పుస్తకం నలభై ప్రతులకంటె నలభై వేర్వేరు పుస్తకాలు మేలన్న ఆ వాదం నేటికీ వాడిగానే ఉన్నది. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఇది మరింత ఉపయోగకరం. పై తరగతి పిల్లవాడు కింది తరగతి పిల్లవాడికి చదివి వినిపిస్తే ఇద్దరికీ అభ్యాసం, ఉపాధ్యాయుడికి వెసులుబాటు.

ఆక్షేపణలు

అక్షరాలే రాని పిల్లల చేతికి పుస్తకం ఇచ్చి కూర్చోబెడితే ఏమి వస్తుందన్న ఆక్షేపణ సమంజసమైనదే. 2000 సంవత్సరంలో అమెరికాలోని జాతీయ పఠన సంఘం తన నివేదికలో, తరగతిలో మౌనపఠనానికి సమయం కేటాయించినందువల్లనే పఠనధార మెరుగుపడుతుందనడానికి తగినన్ని ప్రయోగాత్మక నిదర్శనాలు లభించలేదని పేర్కొన్నది. స్వతంత్ర పఠనం అక్షరబోధనకు ప్రత్యామ్నాయం కాదన్న హెచ్చరికగా దీనిని స్వీకరించాలి. గుణింతం రానివాడికి గుణింతం నేర్పవలసినదే. అయితే నేర్పిన గుణింతం నిలవడానికి, వేగం పుంజుకోవడానికి విస్తారమైన అభ్యాసం కావాలి. వాచకంలోని కొద్ది పుటలు అందుకు చాలవు. ఈత నేర్పేవాడు అవసరమే, నీళ్లూ అవసరమే.

ప్రభుత్వాలు ఈ పని చేస్తూనే ఉన్నాయి కదా అన్నది రెండవ ఆక్షేపణ. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో 'చదవడం మాకిష్టం' కార్యక్రమం మొదలైంది. 2021లో కేంద్రం నిపుణ్ భారత్‌ను, 2022లో తెలంగాణ ప్రభుత్వం తొలిమెట్టును ప్రారంభించాయి. 2022లోనే దేశవ్యాప్తంగా వంద రోజుల పఠనోద్యమం సాగింది. ఇవన్నీ అభినందనీయాలు. కాని ఉద్యమానికి ముగింపు తేదీ ఉంటుంది, అలవాటుకు ఉండరాదు. నూటొకటో రోజున కూడా ఆ ఇరవై నిమిషాలు కాలపట్టికలో నిలిచినప్పుడే వంద రోజుల శ్రమ సార్థకం.

పుస్తకంలోని భాష పిల్లవాడి భాష కాకపోవడం మూడవ చిక్కు. బడిలోని తెలుగు, ఇంటి తెలుగు వేరైనప్పుడు చదువు పరాయిదవుతుందని గుర్తించిన గిడుగు రామమూర్తి పరిష్కారాన్ని తరగతి నుంచే ఆరంభించాడు. సవరల భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాసి, వారి పిల్లలకు చదువు చెప్పించాడు. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో 8 గిరిజన భాషల్లో మొదలైన మాతృభాషాధారిత బోధన ఆ దారిలోనిదే. పలు ప్రాంతాల పలుకుబడులు పిల్లల పుస్తకాల్లోకి రావాలి. పిల్లవాడు తన ఇంటి మాటను అచ్చులో చూసినప్పుడు కలిగే సంతోషం పఠనాభిరుచికి బలమైన ప్రేరణ.

ప్రాచ్య కళాశాలల కర్తవ్యం

ఇది ప్రాథమికోపాధ్యాయుల సమస్య. ప్రాచ్య కళాశాలలకు దీనితో ఏమి పని అన్న సందేహం కలుగవచ్చును. భాషాప్రవీణ, పండితశిక్షణ పూర్తి చేసిన విద్యార్థులు ఎక్కువమంది ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితులవుతున్నారు. ఆరో తరగతిలో వారి ముందు కూర్చొనేది, ఐదేళ్లపాటు ఒక్క పుస్తకాన్ని కూడా స్వేచ్ఛగా చదవని పిల్లవాడు. ఆ పిల్లవాడి చేత పద్యభాగం చదివించడానికి వారు పడే శ్రమ అందరికీ తెలిసినదే. ఆ తరగతుల నుంచే రేపు ప్రాచ్య కళాశాలకు విద్యార్థి రావాలి. ఎనిమిదేళ్లప్పుడు కథ కోసం పుస్తకం తెరవనివాడు పద్దెనిమిదేళ్లప్పుడు మనుచరిత్ర కోసం తెరుస్తాడని ఆశించడం అడియాస. ప్రవేశాలు తగ్గుతున్నాయని చింతించే సంస్థలు కారణాన్ని మొదటి తరగతి దాకా వెదకవలసి ఉన్నది.

ఒకప్పుడు ఈ లోటును పత్రికలు పూరించాయి. న్యాయపతి రాఘవరావు దంపతుల 'బాల' 1945లో, నాగిరెడ్డి చక్రపాణుల 'చందమామ' 1947 జూలైలో ఆరంభమయ్యాయి. చందమామలో దశాబ్దాలపాటు పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు కథాసరిత్సాగరం వంటి సంస్కృత కథాసంపదను పిల్లలు తమంతట తాము చదువుకోగల తెలుగులోకి తేవడంలో ప్రధానపాత్ర వహించారు. ఆ పత్రికను ఎవరూ పాఠ్యగ్రంథంగా నిర్ణయించలేదు, ఎవరూ ప్రశ్నలు వేయలేదు. అయినా తరతరాల తెలుగువారు దానితో చదువరులయ్యారు; అందువల్లనే అయ్యారనడమూ అతిశయోక్తి కాదు. చందమామ 2010వ దశకంలో ఆగిపోయింది. 'మంచి పుస్తకం' వంటి ప్రచురణసంస్థలు, నేషనల్ బుక్ ట్రస్ట్ బాలల గ్రంథమాల చెప్పుకోదగిన కృషి చేస్తున్నా, ఆ ఖాళీ పూర్తిగా నిండలేదు.

ఆ ఖాళీని పూరించడానికి కావలసిన సంపద, పాండిత్యం ప్రాచ్య కళాశాలల్లో ఉన్నాయి. బృహత్కథా సంప్రదాయం, జాతకాలు, పంచతంత్రం, పురాణోపాఖ్యానాలు మూలభాషలో చదువగలిగినవారు ఇక్కడ ఉన్నారు. వాటిని దీర్ఘసమాసాలు లేని, చిన్న వాక్యాల తెలుగులో, ఒత్తులు లేని మాటలతో మొదలుపెట్టి క్రమంగా పెరిగే వరుసలో కూర్చడం విద్యార్థులకు ఉత్తమమైన భాషాభ్యాసం. అది సులభమైన పని అనుకొనేవారు ఒత్తులు లేకుండా పది వాక్యాల కథ ఒకటి రాసి చూడవచ్చును. పరిశోధనకూ ఇక్కడ విస్తృతావకాశం ఉన్నది. రెండో తరగతి పిల్లవాడు ఏ సంయుక్తాక్షరం దగ్గర ఆగుతున్నాడు, ఏ వాక్యనిర్మాణం దగ్గర తప్పుతున్నాడు, ఏ కథను మళ్లీ అడుగుతున్నాడు అన్నవి ప్రబంధాల వర్ణనాంశాలకంటె తక్కువ గౌరవం గల పరిశోధనాంశాలు కావు. బాలసాహిత్యం మీద, గ్రంథాలయశాస్త్రం మీద సమంగా కృషి చేసిన వెలగా వెంకటప్పయ్య వంటివారు ఆ మార్గాన్ని ముందే చూపారు.

పండితశిక్షణలో ఉన్న ప్రతి విద్యార్థీ సమీపంలోని ప్రాథమిక పాఠశాలకు వారానికి ఒక్కసారి వెళ్లి, ఒక కథ చదివి వినిపించి, పది పుస్తకాలు పిల్లల చేతికిచ్చి, ఏమీ అడగకుండా తిరిగి రావడంతో ఈ పని మొదలుకావచ్చును. ఇందుకు ప్రభుత్వ నిధులు అవసరం లేదు, కొత్త పాఠ్యప్రణాళిక అవసరం లేదు. వచ్చే వారం ఆ పిల్లల్లో ఒక్కడైనా 'ఇంకొకటి ఉన్నదా?' అని అడిగితే, ఆ పిల్లవాడు లిపిని దాటి వాఙ్మయంలోకి తొలి అడుగు వేసినట్లే.